కాఫీ వర్తకము – సత్యశుద్ధ కాయకము

జంగారెడ్డిగూడెము పొగాకు వేలములకు పేరుపడిన పట్టణము. ఆకు మేలును, తేమను చేతితో తాకి చెప్పగలవారు ఇచట పెక్కుమంది కలరు. ఇట్టి ఊరి యువకుడు కాఫీ వర్తకమునకు పూనుకొనినచో, సరకు గుర్తెరుగుట అను మొదటి విద్య అతనికి ఇంటి చెంతనే ఉన్నదనవచ్చును.

కాఫీ ఇచటి మెట్టభూములలో పండు పంట కాదు. మేలైన అరబికాకు ఎత్తైన కొండయు, చల్లదనమును, చెట్టు నీడయు కావలెను. అయినను ఆంధ్రదేశమున దీని కథ గోదావరి మన్యముననే మొదలైనది. 1898లో బ్రోడీ అను ఆంగ్లేయ అధికారి తూర్పుగోదావరి పాములేరు లోయలో దీనిని నాటించెను. పిదప విశాఖ మన్యమున అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతముల గిరిజనులకు ఇది జీవనాధారమయ్యెను. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. పంట పండని చోట పరిశ్రమ నిలువదనుటయు సరికాదు. చల్లా రాజేంద్రప్రసాద్ 1994లో స్థాపించిన సీసీఎల్ సంస్థ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి అనేక దేశములకు పంపుచున్నది.

పూర్వము పండిన కాఫీని రైతు కాఫీ బోర్డునకే అప్పగింపవలసి యుండెను. 1990 దశకమున ఆ నిర్బంధము తొలగినందున చిన్న వర్తకుడును కొండకు పోయి నేరుగా కొనవచ్చును. లెక్క మాత్రము ముందుగా తెలియవలెను. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు దక్కును. వేయించునపుడు అందులో ఆరవ వంతు మరల తరుగును. మిక్కిలి చౌకగా అమ్ముదుననువాడు ఈ తరుగును ఎవరిమీదనో వేయక తప్పదు. కొండమీది రైతుమీదనో, కొనువానిమీదనో.

చికోరీ యొక్క సంగతి ఇచటనే వచ్చును. అది ఒక మొక్క వేరు, కాఫీకంటె చౌక, రంగును, చిక్కదనమును ఇచ్చును. మిశ్రమమున కాఫీ 51 శాతమునకు తగ్గరాదనియు, పాళ్లు పొట్లముపై ముద్రింపవలెననియు చట్టము చెప్పుచున్నది. కలుపుట దోషము కాదు, ఆ రుచి కోరువారు పలువురు కలరు. దాచుట దోషము. పొడి చేసిన పిదప ఏ గృహిణియు కంటితో ఆ తేడాను పట్టలేదు. అందుచేత వర్తకుని మాటయే తూనికరాయి. బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున బోధించిన కాయకమునకు సత్యశుద్ధియే ప్రాణము. అట్టి సంపాదననుండియే దాసోహము జరుగవలెను గాని, మోసపు లాభమునుండి కాదు.

నేర్చుకొనుటకు మార్గములు కలవు. బెంగుళూరులోని కాఫీ బోర్డు వేయించుట, కాచుట, రుచి చూచుటలయందు శిక్షణ నిచ్చుచున్నది. మొదట పెద్ద యంత్రముల జోలికి పోక, వేయించిన గింజలు తెచ్చి, కొనువాని యెదుటనే మరపట్టి ఇచ్చుట మేలు. పొడి సువాసన కొలది దినములలోనే సన్నగిల్లును; గింజ కొంత ఎక్కువ కాలము నిలుచును. మిగిలిపోయిన పాతపొడిని క్రొత్తదానిలో కలుపకుండుట ఎంత కష్టమో దుకాణము తెరచినవానికి మొదటి నెలలోనే తెలియును.