సెంట్రల్ ఏసీ మన ఇంటికి కుదురుతుందా?

చిరంజీవి బుజ్జికి,

ఇంటి ప్లాను చూశాను. ఆర్కిటెక్టు సెంట్రల్ ఏసీ పెట్టించమంటున్నాడు, మీ నాన్న వద్దంటున్నాడు, నన్ను తేల్చమన్నావు. నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది కాబట్టి తెలిసింది చెబుతాను. నిర్ణయం మీ ఇద్దరిదే.

ముందు ఒకటి చూసుకో. మే నెల రాత్రి మీ ఇంట్లో ఎన్ని గదుల్లో ఏసీ కావాలి? పిల్లలు హాస్టల్లో ఉన్నారు. మీ అత్తగారు ఫ్యాను గాలికే దుప్పటి కప్పుకునే మనిషి. పడగ్గదులు నాలుగున్నా నడిచేది మహా అయితే రెండు. డక్టులతో ఇల్లంతటికీ ఒకే యంత్రం పెడితే, ఆ రెండు గదుల కోసం 8.5 టన్నుల కంప్రెసర్ తిరగాలి. తిరిగినంతసేపూ అది 10 కిలోవాట్ల దాకా లాగుతుంది. అదే రెండు గదుల్లో 1.5 టన్నుల స్ప్లిట్లయితే రెండూ కలిపి 3 కిలోవాట్ల చిల్లర. మన కరెంటు బిల్లులో యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుతుందని నీకు తెలియనిది కాదు.

డల్లాస్‌లో మీ అక్క ఇంట్లో బాగానే ఉందిగా అంటావు. అక్కడ చలికాలంలో వెచ్చటి గాలి వచ్చేదీ ఆ డక్టుల్లోంచే. గోడలు చెక్కవి, లోపల ఇన్సులేషన్ కూరి ఉంటుంది. మన ఇటుక గోడా కాంక్రీటు శ్లాబూ పగలంతా ఎండ తాగి, రాత్రి మనం పడుకున్నాక వదులుతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడ డాబా మీద చెయ్యి పెట్టి చూడు. అందుకే ఏసీ కన్నా ముందు డాబాకి తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించు, పడమటి కిటికీలకు సజ్జలు పెద్దవి పెట్టించు. టన్నులు తగ్గేది అక్కడే.

ఇంకో సంగతి. జూన్, జూలైల్లో మీ ఊరి ఉక్క ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా! డక్టు చుట్టిన ఇన్సులేషన్ ఒక్క అతుకు దగ్గర ఊడినా, చల్లటి రేకుకి చెమట పడుతుంది. చుక్కచుక్కగా ఫాల్స్ సీలింగ్ మీద కారి ముందు గోధుమరంగు మరక వస్తుంది, తరవాత బూజు. అది కనపడేసరికి లోపల సీలింగ్ మెత్తబడి ఉంటుంది. దానికి తోడు హాల్లో ఉన్న రిటర్న్ జాలీ, వంటింట్లో నువ్వు వేసిన ఎండుమిరపకాయల పోపు ఘాటు లాక్కుని పడగ్గదులన్నిటికీ పంచుతుంది.

వీఆర్‌ఎఫ్ అని ఒకటుంది. బయట ఒకే యూనిట్, ఏ గదికి ఆ గది విడిగా నడుస్తుంది. మంచిదే. కానీ ఖరీదు ఎక్కువ, పైగా ఆ బయటి యూనిట్ మొరాయిస్తే ఇల్లంతా ఒకేసారి ఉడికిపోతుంది. వేసవి మధ్యలో మెకానిక్ ఎప్పుడొస్తాడో చెప్పలేం.

అల్లుడు కింద క్లినిక్ పెడితే మాత్రం అక్కడ సెంట్రల్ సరిగ్గా కుదురుతుంది. అన్ని గదుల్లోనూ జనం, ఒకే వేళకి తెరిచి ఒకే వేళకి మూస్తారు. పై ఇంటికి నా మాట వింటే, పడగ్గదులకు విడివిడిగా స్ప్లిట్లు పెట్టండి. ఏసీ కనపడకూడదని నీకుంటే హాలుకీ భోజనాల గదికీ కలిపి ఒక్క చిన్న డక్ట్ యూనిట్ చాలు. దాన్ని నడవ పైన అటకలో దాచొచ్చు, ఫిల్టర్ కడగడానికి చెయ్యి పట్టేంత తలుపు ఉంచాలి. పెద్ద డక్టులు దూలాల కింద నుంచి వెళితే 10 అడుగుల గది 8 అడుగులకు దిగుతుంది. నీ ప్లానులో దూలాల లోతు ఎక్కడా రాయలేదు, అడుగు.

రాగి పైపులూ డ్రెయిన్ పైపులూ ప్లాస్టరింగ్‌కి ముందే వేయించు. డ్రెయిన్‌కి ప్రతి 10 అడుగులకీ అంగుళంపావుకి తగ్గని వాలు ఉండాలి. గోడ పూడ్చకముందు నువ్వే దగ్గరుండి ఒక బకెట్ నీళ్లు పోయించి, అవి బయటికి ఎలా వస్తున్నాయో చూసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న