303 అంటే ఏమిటి?

పోయిన వారం సోషల్ క్లాసులో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం అయ్యాక సారు "త్రీ నాట్ త్రీ రైఫిల్ అంటారు గదా, ఆ 303 ఏమిటి?" అని అడిగారు. నేను లేచి "అందులో 303 గుళ్ళు పడతాయి సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. కాని నవ్వినవాళ్ళకి కూడా జవాబు తెలీదు. అందుకని లైబ్రరీ పుస్తకాలు చూసి, సారుని మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకుని ఇది రాస్తున్నాను.

303 అంటే గుళ్ళ లెక్క కాదు. 0.303 అంగుళం. అది తుపాకి గొట్టం లోపలి కొలత. మిల్లీమీటర్లలో 7.7. స్కేలు పెట్టి చూడండి, మన పెన్సిలు కంటే కొంచెం లావు, అంతే. తూటాలు ఒకసారికి పదే పడతాయి. దీని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. లీ అంటే దాని బోల్టు పద్ధతిని కనిపెట్టిన జేమ్స్ పారిస్ లీ. ఎన్‌ఫీల్డ్ అంటే లండన్ దగ్గర తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ (1914–18, 1939–45) బ్రిటిష్ సైన్యంలో, భారత సైన్యంలో ముఖ్యమైన తుపాకి ఈ రకమే.

ఎలా పేలుతుంది?

మన హాస్టల్ తలుపు గడియ గుర్తు తెచ్చుకోండి. రైఫిల్ బోల్టు కూడా అలాంటిదే.
1. పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా గుల్ల బయట పడుతుంది.
2. ముందుకు తోస్తే కింద పెట్టెలోంచి కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది.
3. పిడి కిందికి దించితే గడియ పడినట్టే.
4. మీట నొక్కితే సూదిలాంటి కడ్డీ తూటా వెనక కొడుతుంది. మందు అంటుకుని, ఆ వాయువు తోపుకి గుండు బయటికి పోతుంది.

బాగా శిక్షణ పొందిన బ్రిటిష్ సిపాయి నిమిషానికి 15 సార్లు గురి చూసి కాల్చేవాడు.

గుండు తిన్నగా ఎందుకు పోతుంది?

మా తాత బాణం వెనక ఈకలు కట్టడం నేను చూశాను. ఈక లేకపోతే బాణం దారి తప్పుద్ది అంటాడు. గుండుకి ఈకలు లేవు. దానికి బదులు గొట్టం లోపల స్క్రూ మరలాగా మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటిలోంచి వచ్చిన గుండు బొంగరంలాగా గిర్రున తిరుగుతా పోతుంది. తిరిగే బొంగరం పడిపోదు గదా, అలాగే. ఆ గాడుల్ని రైఫ్లింగ్ అంటారు. రైఫిల్ అనే పేరు అందులోంచే వచ్చింది.

మిగతా దేశాల రైఫిళ్ళు

జర్మనీ – మౌజర్ (1898) – 5 తూటాలు
రష్యా – మోసిన్ (1891) – 5 తూటాలు
ఫ్రాన్స్ – లెబెల్ (1886) – 8 తూటాలు
అమెరికా, రెండో యుద్ధంలో – ఎం1 గరాండ్ (1936) – 8 తూటాలు. దీనికి ప్రతిసారీ బోల్టు లాగక్కర్లేదు, వాయువే దాన్ని వెనక్కి నెడుతుంది.

కాని మొదటి యుద్ధంలో ఎక్కువమందిని చంపింది రైఫిళ్ళు కాదు, ఫిరంగులు.

మన సిపాయిలు

ఎన్‌ఫీల్డ్ పేరు మన పాఠంలో ముందే ఉంది. 1857లో సిపాయిలు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారని నోటితో కొరకం అన్న తూటాలు పాత ఎన్‌ఫీల్డ్ తుపాకివే. ఆ తిరుగుబాటు తర్వాత తెల్లవాళ్ళకి భయం పట్టుకుంది. తమ సైనికులకి కొత్త రకం ఇస్తే మనవాళ్ళకి ఒక మెట్టు పాత రకం ఇచ్చేవాళ్ళు. 1914లో జర్మనీతో యుద్ధం వచ్చింది. మన సిపాయిలు ఓడ దిగింది ఫ్రాన్సులో మార్సెయి రేవులో. అక్కడ వాళ్ళ చేతికి కొత్త రైఫిళ్ళు ఇచ్చారు. నెల తిరిగేసరికి కందకాల్లో దించారు. అవసరం వచ్చాక నమ్మకం కూడా వచ్చిందన్నమాట!

గబ్బర్ సింగ్ నేగీ గఢ్వాల్ కొండల నుంచి వెళ్ళిన సిపాయి. 1915 మార్చి 10న న్యూవ్ షపెల్ దగ్గర శత్రువుల కందకంలోకి దూకి పోరాడి చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. తర్వాత విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ యుద్ధంలో సుమారు 74 వేల మంది భారత సైనికులు చనిపోయారు. చాలామందికి చదువు రాదు. ఇంటికి ఉత్తరం రాయాలన్నా ఇంకొకరి చేత రాయించుకున్నారు.

ఆదివారం తాత నన్ను చూడ్డానికి వస్తే ఇదంతా చదివి వినిపించాను. గడియ సంగతి, గాడుల సంగతి శ్రద్ధగా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు: "బాణం వేసేవాడికి దేన్ని వేస్తున్నాడో, ఎందుకు వేస్తున్నాడో తెలుసుద్ది. ఆ కొండ పిల్లోడికి జర్మనీ వాడితో ఏం తగువే?"

నాకు జవాబు రాలేదు. పుస్తకంలో తూటా బరువు కూడా ఉంది గాని ఇది లేదు. తెలిసినవాళ్ళు వచ్చే నెల గోడపత్రికలో రాయండి. తాతకి చదివి వినిపిస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని