రాత్రుళ్లు మోగే అలారం

ప్రశ్న: పాత ఆల్టో కొన్నాను. ముందటి ఓనరు బయట బిగించిన అలారం అర్ధరాత్రి దానంతటదే మోగుతోంది. పీకించేయాలా?
– ఒక పాఠకుడు, గాజులరామారం

జవాబు: తొందరపడి వైర్లు కోయించకండి. ఇలాంటి అలారాల్లో చాలావాటికి స్టార్టర్ లేదా ఇగ్నిషన్ వైరును తెంచి మధ్యలో రిలే పెడతారు. బాక్సు పీకేస్తే బండి స్టార్టే కాదు. ముందు బ్యాటరీ చూపించండి: ఇంజన్ ఆపిన కొన్ని గంటలకు 12.6 వోల్టుల దాకా ఉండాలి. బాగా పడిపోతే అలారం ఊరికే మోగుతుంది. బానెట్ కింది స్విచ్ తుప్పు పట్టినా అంతే. మీకు జీడిమెట్ల పారిశ్రామికవాడ దగ్గర. లారీల అదురుకు మోగుతుంటే షాక్ సెన్సర్ స్క్రూ కాస్త తగ్గించాలి. అప్పటికీ ఆగకపోతే తీయించండి. తెంచిన వైరును మాత్రం టంకం వేసి కలపమనండి, టేపు చుట్టి ఇస్తే ఒప్పుకోకండి.