హెచ్‌.ఐ.వి. ఉన్న స్త్రీలు – అతిశుభ్రత వల్ల కలిగే హాని

తెల్లబట్టకు పసుపు, పటిక, వేపాకు వాడడం తెలియని ఇల్లాలు మా వరంగల్లులో అరుదు. ఇటీవల నా వద్దకు వచ్చిన ఒక సోదరి కూడ వాటినే నమ్ముకొన్నది. తనకు హెచ్‌.ఐ.వి. ఉన్నదనీ, ఎం.జి.ఎం. ఆసుపత్రి ఏ.ఆర్‌.టి. కేంద్రంలో మందులు తీసుకొంటున్నాననీ తలుపు వేసిన తరువాతగాని చెప్పలేదు.

"సారూ, లోపల మైల ఉన్నట్టే అనిపిస్తది. పొద్దున, మాపున పటిక నీళ్ళతోని కడుగుతున్న. అయినా వాసన పోతలేదు" అన్నది.

ఆ కడగడమే వాసనకు తోడ్పడుతున్నది. ఆరోగ్యవంతమైన యోనిలో లాక్టోబాసిల్లై అనే మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. పాలను పెరుగుగా మార్చే క్రిములకు ఇవి దాయాదులు. ఇవి పుట్టించే పులుపు హానికర క్రిములను అణచి ఉంచుతుంది. పటిక, సబ్బు, డెట్టాలు లోపల వాడితే ఈ కాపలా చెదిరి, పైపొర ఒరుసుకొనిపోతుంది. అప్పుడు చేపల వాసనతో పలుచని స్రావం కలిగే బాక్టీరియల్‌ వెజైనోసిస్‌ రావచ్చును. మందులతో వైరస్‌ ఇంకా అణగని స్త్రీలలో, ఈ స్థితి వల్ల స్రావంలో వైరస్‌ పెరిగే అవకాశమున్నది. గర్భిణులలో నెలలు నిండని కాన్పు ప్రమాదం కూడ హెచ్చుతుంది.

నేనూ పూర్వం త్రిఫలా కషాయంతో ఇంటివద్దనే ప్రతిదినం లోపల కడుగుకొమ్మని చాలమందికి చెప్పినవాడనే. అది నా పొరపాటు. చరకసంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయంలో 20 యోనివ్యాపత్తులకు చికిత్సలున్నవి. అవి వ్యాధిని నిర్ణయించిన పిమ్మట చేయవలసినవేగాని దినచర్య కావు.

బయటి భాగాన్ని మంచినీటితో, ముందునుండి వెనుకకు కడుగుకొంటే చాలును. నూలు లోదుస్తులు వాడాలి. వాసన, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే "వేడి చేసింది" అని సరిపెట్టుకోక పరీక్ష చేయించుకోవాలి. మన ఇళ్ళలో ఆ ఒక్క మాట క్రింద ఎన్ని రోగాలు దాగిపోయినవో!

లోహభస్మం, మండూరభస్మం, శంఖభస్మం వాడేవారికి మరొక మాట. వీటిలోని ఇనుము, సున్నపు ధాతువులు డోలుటెగ్రావిర్‌ మందును ఒంటికి పట్టనీయవు. కనుక ఏ.ఆర్‌.టి. వైద్యునికి చెప్పకుండా వీటిని తీసుకోరాదు. మందులు క్రమంగా వాడి, రక్తపరీక్షలో వైరస్‌ కనిపించని స్థితి నిలిచిన స్త్రీ నుండి సంభోగం ద్వారా భర్తకు హెచ్‌.ఐ.వి. సోకదు. వైద్యపర్యవేక్షణలో ఆమె బిడ్డను కనవచ్చును.

వీరికి గర్భాశయ ముఖ క్యాన్సర్‌ ముప్పు ఇతర స్త్రీలకంటె సుమారు 6 రెట్లు అధికం. అందుచే 25 ఏళ్ళ నుండే 3–5 ఏళ్ళకొకసారి హెచ్‌.పి.వి. పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఈ పరీక్ష ఎన్నడైనా చేయించుకొన్నావా అమ్మా అని అడిగాను. ఆ పేరే వినలేదన్నది. స్త్రీవైద్యురాలికి చీటి వ్రాసి ఇచ్చాను. ఆమె దానిని కొంగున ముడివేసుకొని, సంచిలోని పటిక పొట్లాన్ని నా బల్లపై పెట్టి వెళ్ళింది.