రెండు గీతల మధ్య బురద

విశాఖపట్నం

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

కొచ్చి ఓడరేవు ఛానల్ సర్వేలో చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వానాకాలం వచ్చిందంటే అక్కడ ఎంత తవ్వినా బురద మళ్ళీ చేరుతూనే ఉంటుంది. అందుకే తవ్వకం సంగతి తర్వాత, ముందు కొలత నేర్చుకో.

ఎకో సౌండర్‌లో రెండు ఫ్రీక్వెన్సీలు పెట్టి లాంచీ నడిపితే తెర మీద రెండు గీతలు పడతాయి. 210 కిలోహెర్ట్జ్ శబ్దం బురద పైపొర తగలగానే వెనక్కి వస్తుంది. 33 కిలోహెర్ట్జ్‌ది లోపలికి దిగి, గట్టి పొర దగ్గర వెనక్కి తిరుగుతుంది. ఇసుక నేల మీద రెండూ దాదాపు కలిసిపోతాయి. మెత్తటి బురద మీద మీటరు పైగా ఎడం వచ్చినా కంగారుపడకు. పై గీతనే నేల అనుకుంటే అక్కర్లేని తవ్వకానికి డబ్బు పోస్తారు. కింది గీతను నమ్మితే ఓడకు ముప్పు. అసలు అడుగు ఎక్కడో తేలాలంటే బురదనే కొలిచి చూడాలి.

రోటర్‌డ్యామ్ వాళ్ళు 1970లలోనే, ఘనపు మీటరు బురద 1200 కిలోలు తూగే లోతును ఓడకు అడుగుగా తీసుకున్నారు. సముద్రపు నీరు తూగేది 1025 కిలోల దాకా. ఆ 1200 అంకెను ఎత్తుకొచ్చి కొచ్చిలో పెట్టేయకు. ఒకే బరువు తూగినా ఇసుక కలిసిన బురద తేలిగ్గా జారుతుంది, సన్నటి బంకబురద దోసెపిండిలా గరిటెను పట్టుకుంటుంది. అందుకే జర్మనీలోని ఎమ్డెన్ రేవులో బరువు కన్నా, బురద కదలడానికి ఎంత బలం కావాలో చూస్తారు. అక్కడ డ్రెడ్జర్ బురదను తొట్టిలోకి పీల్చి, గాలి తగలనిచ్చి, తిరిగి అక్కడే వదులుతుంది. అది గట్టిపడకుండా ఉంటుంది, ఓడలు అందులోంచే సాగిపోతాయి. సముద్రంలోకి మోసుకెళ్ళి పారబోసే ఖర్చు తప్పుతుంది.

పైలట్లతో తీరిగ్గా మాట్లాడు. నీటికీ బురదకీ నడుమ అలలు లేస్తే చుక్కాని తిప్పినా ఓడ బద్ధకంగా తిరుగుతుంది. ఆ సంగతి నీ చార్టులో కనబడదు.

తవ్వేటప్పుడు డ్రెడ్జర్ తొట్టి నిండి పొంగుతున్నా పంపు నడుపుతుంటే అడ్డు చెప్పు. ఇసుకైతే అడుగున దిగుతుంది. సన్నటి బురద అంత తొందరగా దిగదు. పీల్చినది పీల్చినట్టే ఛానల్లో పడుతుంది.

చివరిగా బిల్లు మాట. ఏ గీత నుంచి ఏ గీత దాకా తవ్వితే కూలి అన్నది కాంట్రాక్టులో రాసి ఉందేమో చూడు. లేకపోతే రాయించాకే సంతకం పెట్టు. పని మధ్యలో ఆ తగవు వస్తే రెండు పక్షాలూ నీ మీదే పడతాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న