ప్రోటానుల తాకిడిలో జంట ఘర్షణలు

సంత దారిలో రెండు గొఱ్ఱెల మందలు ఎదురెదురుగా వచ్చినవనుకొందము. పెక్కు జీవములు ఒకదానినొకటి తప్పుకొని పోవును. ఎక్కడనో ఒక జత పొట్టేళ్లు ఢీకొనును. ఒక్కొక్కప్పుడు అదే క్షణమున రెండవ జతయు ఢీకొనవచ్చును. దూరమునుండి చూచువానికి లేచిన దుమ్మంతయు ఒకే పోరాటమని తోచును. పదార్థ రహస్యములను శోధించు శాస్త్రజ్ఞులకు ఇట్టి చిక్కే ఎదురైనది.

ప్రోటాను స్వరూపము

పరమాణు కేంద్రకమందలి ప్రోటాను గట్టి గుండు వంటిది కాదు. దానిలో క్వార్కులు, వానిని బంధించి ఉంచు గ్లువానులు కలవు. వీనినన్నిటిని కలిపి పార్టానులందురు. కావున రెండు ప్రోటానులు ఢీకొనుట యనగా రెండు మందలు ఎదురుపడుటయే. తాకిడి శక్తి పెరిగిన కొలది, స్వల్ప శక్తిని మోయు గ్లువానులు కూడ లెక్కలోనికి వచ్చును. వాని సంఖ్య అత్యధికము. అందుచే ఒకే జత ప్రోటానుల నడుమ రెండు, మూడు ఘర్షణలు జరుగు అవకాశము హెచ్చును.

గుర్తించు విధము

బలమైన ఘర్షణనుండి కణముల ధారలు వెలువడును. నాలుగు ధారలు కనబడినవనుకొందము. ఘర్షణ ఒకటే యైనచో ఆ నాలుగును కలిసి సరితూగును. ఘర్షణలు రెండైనచో ధారలు జతలుగా విడి, ప్రతి జతయు ఎదురెదురు దిక్కులకు పోయి తమలో తామే సరితూగును. ఒక్క తాకిడిని చూచి ఈ నిర్ణయము చేయుట దుస్సాధ్యము. అసంఖ్యాకమైన తాకిడులను పరిశీలించి జంట ఘర్షణల పాలును తేల్తురు.

జెనీవా వద్దనున్న సెర్న్ సంస్థలో 1987లో తొలి ఆధారము ప్రకటింపబడెను. అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాల 1997లో దీనిని బలపరచెను. సెర్న్‌లోని 27 కిలోమీటర్ల వలయ యంత్రమునందు, ఒకే విద్యుదావేశముగల రెండు డబ్ల్యు కణములు వేర్వేరు ఘర్షణలలో ఒక్కమారే పుట్టుటను గమనించినట్లు 2023లో ప్రచురితమైనది. ఈ సి.ఎం.ఎస్. ప్రయోగమున భారతీయ శాస్త్రజ్ఞులును భాగస్వాములు.

దీని ప్రయోజనము

అంచులు ఒరసికొన్నప్పటికంటె ప్రోటానులు సూటిగా తాకినప్పుడు జంట ఘర్షణలు ఎక్కువ. కనుక వాని లెక్కనుబట్టి ప్రోటానులో పార్టానులు ఎట్లు అమరియున్నవో ఊహింపవచ్చును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. రెండు పాత ఘర్షణలు కలిసి క్రొత్త కణమును పోలిన రూపము చూపవచ్చును. ఆ పొరపాటును తొలగించిన పిదపనే క్రొత్త కణము దొరకినదని చాటవలెను. 2017 నుండి భారతదేశము సెర్న్‌లో అనుబంధ సభ్యదేశము. ఈ పరిశోధనలో మన ప్రజల ధనమును కలదు. తొందరపాటు ప్రకటనవలన ధనమును, విశ్వాసమును నష్టపోవును.

పంచాయతీ సభ్యులకును ఈ పద్ధతి ఆదరణీయము. గ్రామమున జ్వరములు ప్రబలినప్పుడు చెడిన బావినీరు, దోమలు రెండును ఒకేసారి కారణములు కావచ్చును. ఒకదానిని సరిచేసి ఊరకుండక, రెంటిని విడివిడిగా విచారించుటయే వివేకము.