సైకిలుపై దూరయాత్ర: బయలుదేరుటకు ముందు వేయవలసిన లెక్క

పదవ తరగతి బాలురు కొందఱు రాబోవు క్రిస్మసు సెలవులలో విశాఖపట్టణమునుండి బెజవాడవఱకు సైకిళ్లమీద రావలెనని సంకల్పించి తలిదండ్రుల యనుమతి నడుగుచున్నారు. తలిదండ్రులలో పలువురు, "అది లారీలు తిరుగు త్రోవ, మే మొప్పుకొనము" అనుచున్నారు. ఇరుపక్షముల మాటయు న్యాయమైనదే. రాజమార్గమున ప్రమాదము కలదు. అయితే అందు పెక్కుభాగము లెక్క వేసికొనక బయలుదేరుటవలన కలుగునదియే. ఆ లెక్కను ఇచట వ్రాయుచున్నాను. బాలురు దీనిని పాఠముగా చదువుదురు గాక. పెద్దలు చదివిన పిమ్మట తమ నిర్ణయమును చెప్పుదురు గాక.

ఇట్టి యాత్రలు క్రొత్తవి కావు. థామస్ స్టీవెన్స్ అను నాతడు ముందుచక్రము మిక్కిలి పెద్దదియు వెనుకది చిన్నదియు నగు ఆనాటి సైకిలుపై 1884లో శాన్ ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరి, 1886లో మన గ్రాండ్ ట్రంకు రోడ్డుమీదుగా కలకత్తా చేరెను. 1923లో బొంబాయినుండి ఆఱుగురు పారసీ యువకులు భూప్రదక్షిణమునకు వెడలిరి. అందు ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గారా యను ముగ్గురే 1928లో యాత్ర ముగించి వచ్చిరి. ఆఱుగురిలో ముగ్గురే యను మాటను మన బాలు రొకింత యాలోచింపవలెను.

మొదట దిక్కును, కాలమును గూర్చి. బాలురు విశాఖనుండి బెజవాడకు రాదలచుట మంచిది. బెజవాడనుండి విశాఖకు పోదలచినచో నేను వలదని యుందును. డిసెంబరులో మన తీరమున గాలి తఱచుగా ఈశాన్యమునుండి వీచును. మన త్రోవ ఈశాన్యమునుండి నైరృతికి దిగుచున్నది గాన ఆ గాలి వీపున నుండును. ఇది స్వల్పవిషయ మని తలపకుడు. గాలి యడ్డగింపు వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవువానికి 10 కిలోమీటర్ల గాలి యెదురైన, వానికి తగులు గాలివేగము 25; అదే గాలి వెనుకనుండి వచ్చిన 5 మాత్రమే. 25 వర్గము 625, 5 వర్గము 25. అనగా గాలితో పెనగులాట ఇరువదియైదు రెట్లు! త్రోవయు, సైకిలును, కాళ్లును ఒక్కటియే. దిక్కు మాత్రమే మాఱినది. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులకాలము గాన తగవు. సంక్రాంతికి ముందుదినములలో హైదరాబాదునుండి గోదావరి జిల్లాలకు వచ్చు కారులతో త్రోవ నిండిపోవును. కావున డిసెంబరు 26 మొదలు 31 వఱకు గల యాఱు దినములే యుక్తమైనవి.

ఇక దూరము. ఈ త్రోవ 16వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబరులు మార్చువఱకు 5వ నంబరుగా నుండెడిది. విశాఖనుండి బెజవాడకు సుమారు 350 కిలోమీటర్లు. బసకై ఊళ్లలోనికి పోయివచ్చు తిరుగుడును చేర్చిన 370 అనుకొనవచ్చును. మొదటి దినము యలమంచిలి, సుమారు 60. రెండవ దినము అన్నవరము, 55. మూడవ దినము రాజమహేంద్రవరము, 70. నాలుగవ దినము తణుకు, 50. అయిదవ దినము ఏలూరు, 75. ఆఱవ దినము బెజవాడ, 60. నాలుగవ దినము తక్కువగా నుంచుటకు కారణము కలదు. మూడు దినములు త్రొక్కిన కాళ్లకు అప్పుడే విశ్రాంతి కావలెను. మఱియు ఆనాడు జొన్నాడ రావులపాలెముల నడుమ గౌతమిని, సిద్ధాంతమువద్ద వసిష్ఠను దాటవలసి యున్నది. గోదావరిని చూడక తలవంచుకొని త్రొక్కిపోవువానిని యాత్రికు డనను.

వేగమును గడియారము చూచి నిర్ణయింపరాదు; సైకిలు పండ్లను లెక్కించి నిర్ణయింపుడు. త్రొక్కుడు చక్రమునకు 44 పండ్లు, వెనుక చక్రమునకు 18 పండ్లు, చక్రపు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకొన్నచో, ఒక్క త్రొక్కుడు చుట్టునకు సైకిలు సుమారు 5.4 మీటర్లు పోవును. నిమిషమునకు 50 చుట్లు త్రొక్కిన గంటకు 16 కిలోమీటర్లు. ప్రతి గంటలో పది నిమిషములు విశ్రాంతికి తీసివేసిన 13 మిగులును. 75 కిలోమీటర్ల దినమునకు సుమారు ఆఱు గంటలు పట్టును. భోజనమునకు, పంచరులకు రెండు గంటలు చేర్పుడు. ఆ దినములలో సూర్యోదయము ఆఱున్నర ప్రాంతమున, అస్తమయము ఐదున్నర ప్రాంతమున నగును. ఏడున్నరకు బయలుదేరినను నాలుగు గంటలలోపల బస చేరవచ్చును. చీకటిలో ఒక్క కిలోమీటరైనను త్రొక్కవలసిన యేర్పాటు సరియైన యేర్పాటు కాదు.

"తెల్లవాఱుజామున చల్లగా నుండును గదా, నాలుగు గంటలకే బయలుదేరరాదా?" అని యొక బాలు డడిగెను. దానికి ప్రత్యుత్తరము మంచులో నున్నది. లారీ గంటకు 72 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 20 మీటర్లు వచ్చుచున్నదనుకొనుడు. సైకిలు 18 కిలోమీటర్ల వేగమున సెకనుకు 5 మీటర్లు పోవును. వెనుకనుండి లారీ మిమ్ము సమీపించు వేగము సెకనుకు 15 మీటర్లు. పొగమంచులో అరువది మీటర్లవఱకే కానవచ్చినచో, లారీనడపువానికి మీరు కనబడినది మొదలు నాలుగే సెకనులు. రాత్రియంతయు నిదుర లేని మనుష్యునికి ఆ నాలుగు సెకనులు చాలునని యెవ్వ రనగలరు? మంచు విడువనంతసేపు బసలోనే యుండుడు. ఎనిమిదైనను తొమ్మిదైనను సరియే. పగలైనను వెనుక ఎఱ్ఱదీపము, మెఱయు పట్టీ, ముదురు పసుపు చొక్కా ఉండవలసినదే.

త్రోవయొక్క యెడమ అంచున పోవలెననుట అందఱెఱిగినదే. ఆ యంచున నేమేమి యుండునో కొందఱే యెఱుగుదురు. పగిలిన లారీ టైర్లలోని సన్నని యినుపతీగెలు పడి యుండును. మన పంచరులలో ననేకము వానివలననే కలుగును. ఆగి టైరును చేతితో తడిమి తీగెను లాగివేయక క్రొత్త ట్యూబు వేసినచో అదియు పోవును. గోదావరి జిల్లాలలో కోతలకాలము గాన ప్రక్కత్రోవలపై ధాన్య మారబోసి యుందురు. వడ్లపై చక్రము జారును, రైతునకు నష్టమును కలుగును, దిగి నడువుడు. మోటారు సైకిళ్లు ఆ యంచుననే యెదురుగా వచ్చుచుండును. వానితో వాదులాడక ఆగి త్రోవ యిండు. వంతెనలపై ఇనుప అతుకుల సందులను అడ్డముగా దాటవలెను గాని ఏటవాలుగా దాటరాదు. టోలు గేటువద్ద సైకిలునకు రుసుము లేదు. ఎడమ చివరి సందుననే పోవలెను.

సామాను మనిషికి ఆఱు కిలోలు మించరాదు. అది వీపున గాక క్యారియరుకు ఇరుప్రక్కల దిగువగా వ్రేలాడవలెను. ట్యూబులు రెండు, పంపు, సొల్యూషను, స్పానర్లు జట్టునకు చాలును. నీరు గంటకు అరలీటరైనను త్రాగుడు. విరేచనములైనచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు, రెండును కొలతకు సమముగా కలిపి త్రాగి, ఆనాడు ప్రయాణము మానుడు. ఇంటినుండి సున్నుండలు కట్టి యిచ్చు తల్లులను నేను వారింపను.

తలిదండ్రులకు ముఖ్యముగా చెప్పవలసినది పరీక్షనుగూర్చి. సైకిలుయాత్రలో మొదటిదినము ఎవడైనను త్రొక్కును. జీనుమీద కూర్చున్న నొప్పి రెండవనాటి ఉదయమున తెలియును. కావున డిసెంబరు మొదటి రెండు వారములలో నొకమారు, వరుసగా రెండు దినములు, దినమునకు 50 కిలోమీటర్లు మన యూరి చుట్టుప్రక్కల త్రొక్కి చూపవలెను. రెండవ దినము పూర్తిచేయనివానికి అనుమతి యీయవలదు. వాడు ఎంత యేడ్చినను ఈయవలదు. జట్టు ఎనమండుగురికి మించరాదు. ముందొక పెద్దవాడు, వెనుక నొక పెద్దవాడు. అందఱికంటె నెమ్మదిగా త్రొక్కు బాలుడు ముందు పెద్దవాని వెంటనే యుండవలెను. వాని వేగమే జట్టు వేగము. ప్రతిదినము బస చేరగనే ఒక్క తండ్రికి వార్త పంపిన, ఆయన తక్కినవారికి తెలుపును. అయిదు గంటలకు వార్త రానిచో వెనుకనున్న పెద్దవానికి ఫోను చేయవలెను. అపాయమున 108, రహదారిసాయమునకు 1033 నంబరులను ప్రతి బాలుడును కంఠస్థము చేయవలెను.

సైకిళ్లను విశాఖకు రైలు పార్సెలుగా పంపవలెను గాన, రెండు దినములు ముందుగా స్టేషనుకు తీసికొనిపోయి, గాలి కొంత తీసి, పెడళ్లకు గోనెగుడ్డ చుట్టి, సొంతదారుని పేరు అట్టపై వ్రాసి కట్టుడు. అనుమతిపత్రములు డిసెంబరు 15లోపల నాకు చేరవలెను.